అడిగితే ఇచ్చేవాడే

నాచారంలో మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపిన మామ పోయిన వారం కన్నుమూశాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడట. గుండెపోటు. రక్తసంబంధం కాదు, పక్కింటి మామ. అయినా ఫోన్‌లో ఆ మాట వినగానే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్న సంగతే మరిచిపోయాను.

మా వీధిలో ఆయన తీయని పెళ్లి లేదు. పోయిన మా నాన్న ముఖం ఇవాళ్టికీ నా కళ్ల ముందు ఉందంటే అది మామ చలవే. తీసిన ప్రతి ఫోటో మూలన తన పేరు వేసేవాడు. ఫ్రేములు కట్టేవాళ్లు సరిగ్గా ఆ మూలనే కత్తిరించేవాళ్లు! విసిగిపోయి, మా తమ్ముడి పెళ్లి ఫోటోలో పేరు తెచ్చి నడిమధ్యన వేశాడు. మా అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏందన్నా గిది, పెళ్లికొడుకు పొట్ట మీద నీ పేరేంది?"

"ఆడైతే ఎవడూ కొయ్యలేడు గద చెల్లె," అన్నాడు మామ. తర్వాత ఇంకో కాపీ తీసిచ్చాడనుకోండి, నవ్వుకుంటూనే.

ఆయన భార్యను నేను అత్తా అనేదాన్ని. వంకర పన్ను కనిపిస్తుందని నవ్వినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. చర్చిలో కోత పండుగ నాడు ఒక్కసారి ఆ సంగతి మరిచి నవ్వింది. మామ క్లిక్కుమనిపించాడు. తర్వాత కొన్నాళ్లకే ఆమె క్యాన్సర్‌తో పోయింది. ఆ ఫోటోను ఆయన నెట్‌లో తన పేజీలో పెట్టుకున్నాడు. ఏడాది తిరక్కముందే అత్త నవ్వు ఉప్పల్ చౌరస్తాలో ఇంత పెద్ద హోర్డింగు మీద కనిపించింది. ఎవరో ఇళ్లు కట్టే కంపెనీ, పెద్దవాళ్ల కోసం ఫ్లాట్లట. కింద మామ పేరు లేదు, ఆయన్ని అడిగిందీ లేదు.

ఆ ఆఫీసుకు మామ వెంట నేనూ వెళ్లాను. "నెట్‌లో ఉంది సార్, తీసుకున్నం. నెట్‌లోది అందరిదే కదా," అన్నాడొకాయన. నాకు ఒళ్లు మండిపోయింది.

మామ మాత్రం నెమ్మదిగానే అన్నాడు. "దండెం మీద ఆరేసిన చీర అందరిదైతదా సార్? ఆమె నా భార్య, ఫోటో నా కష్టం. అడిగితే ఇయ్యనా? అందరికిచ్చే ధరే నాకియ్యండ్రి, కింద నా పేరెయ్యండ్రి. గంతే."

వాళ్లు వినలేదు. మామ వకీలుతో నోటీసు ఇప్పించాడు. డబ్బూ రాలేదు, జవాబూ రాలేదు. ఒకరోజు హోర్డింగు మీది అత్త ఫోటో దింపేశారు. గెలిచామనుకుని నేను మిఠాయి డబ్బా పట్టుకుని స్టూడియోకి పరుగెత్తాను. మామ స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"తీసెయ్యమని నేనన్ననా బిడ్డా? అడగమన్న. రోజూ పొద్దుగాల బస్సెక్కి పోయి సూసొస్తుంటి. అంత పెద్దగ ఇంకేడ సూస్త ఆమెను?"

ఆ తర్వాత ఆయన ఉప్పల్ వైపు వెళ్లడమే మానేశాడు. డాక్టరు గుండెపోటని రాశాడు గానీ, నాకు మాత్రం ఆ కంపెనీ మీద కోపం చల్లారలేదు. చల్లారదు కూడా.

మామను సమాధుల తోటకు తీసుకెళ్తుంటే వ్యాను ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. లోపలున్న అందరం తలెత్తి చూశాం. ఆ హోర్డింగు మీద ఇప్పుడు ఎవరో ముసలాయన, మనవరాలిని భుజాన ఎక్కించుకుని నవ్వుతున్నాడు. ఎవరింటి మనిషో. ఫోటో తీసినవాణ్ని అడిగారో లేదో.