ఇద్దరు కుర్ర బ్యాకుల బేరం

కోపం తగ్గించుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే నాకు కోపం వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇదంతా చదివాక "కాస్త ఓపిక పట్టి ఉండాల్సింది మల్లేశ్" అని మీరు కూడా అనబోతారు. అనకండి. ఒమన్‌లోని రుస్తాఖ్ లేబర్ క్యాంపులో ఏసీకి ఎదురుగా ఉన్న నా మంచం, ఏళ్ళ తరబడి కలిసి వండుకుని తిన్న నా రూమ్, గొంతు పోయేదాకా అరిచిన నా హాకీ టీమ్, ఈ మూడూ ఒక్క దెబ్బకు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఎవడో లాక్కుని ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. లాక్కోలేదు. నేనే పట్టుబట్టి, బల్ల గుద్ది, నలుగురితో గొడవపడి మరీ పోగొట్టుకున్నాను.

హాకీకీ మాలాంటి తెలుగు కూలీలకూ సంబంధం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. మాది ఆర్మూరు వైపు. మాకు తెలిసిందల్లా కబడ్డీ, కాస్త క్రికెట్టు. ఈ కంపెనీలోకి వచ్చాక పంజాబీ ఫిట్టర్లు మా చేతికి కర్రలిచ్చి నేర్పారు. కంపెనీకి మూడు సైట్లు: మాది రుస్తాఖ్, విమానాశ్రయం పక్కన సీబ్, దేశానికి అటు చివర సలాలా దగ్గర రైసూత్. చలికాలం శుక్రవారాల్లో ఈ మూడు సైట్ల మధ్య టోర్నమెంటు. దానికి ఒకే ఒక్క నియమం. ఏ సైటులో డ్యూటీ చేసి, ఏ క్యాంపులో పడుకుంటావో ఆ టీముకే ఆడాలి. ఈ నియమం పెట్టినవాడెవడో నాకింతవరకూ దొరకలేదు. దొరికితే మాత్రం ఊరుకోను.

నేను ఆడను. నేను షట్టరింగ్ కార్పెంటర్ని. చెక్క కొలిచి కోయమంటే కోస్తాను గాని, బంతి నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాక గాని నాకు కనపడదు. అందుకే అభిమానినయ్యాను. గ్రౌండు అంచున నిలబడి మా టీముకు ఏం చెయ్యాలో చెబుతుంటాను. మావాళ్ళు ఎప్పుడూ వినలేదనుకోండి, అది వాళ్ళ ఖర్మ.

ఆ శుక్రవారం మేం సీబ్ చేతిలో ఓడిపోయాం. ఎలా ఓడిపోయామో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. మా ఫుల్ బ్యాక్ రాజన్న, నలభై దాటిన మేస్త్రీ, గోల్ ముందు నిలబడవలసిన మనిషి, వంగి మోకాలి పట్టీ సవరించుకుంటున్నాడు. సీబ్ వాడు పక్క నుంచి నడుచుకుంటూ వెళ్ళి గోల్ కొట్టాడు. పరుగెత్తలేదండీ, నడుచుకుంటూ వెళ్ళాడు! పైగా రాజన్న లేచి చూసి "అయిపోయిందా?" అని అడిగాడు.

రూముకు రాగానే మొదలుపెట్టాను. మా భూమేశ్ చికెన్‌కు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. భూమేశ్ నా పక్క మంచం వాడు, మా ఊరివాడు, నాతో వాదించడానికే పుట్టినవాడు.

"రాజన్నను తీసెయ్యాలె," అన్నాను.

"తీసేసి ఎవర్ని పెడ్తవ్? నిన్నా?"

"సీబ్ల ఇద్దరు పోరగాళ్ళున్నరు. సతీషు, దుర్గాప్రసాదు. ఇద్దరూ బ్యాకులే. గిప్పుడే మీసాలొచ్చినై. ఇంకో పదేండ్లు ఆడుతరు. రాజన్నను వాళ్ళకిచ్చి ఆ ఇద్దర్ని తెచ్చుకుందాం."

భూమేశ్ కత్తి ఆపాడు. "అరే, పోరగాళ్ళకు ఉరుకుడు తప్ప ఏం తెల్వది. ఇద్దరూ ముంగటికి ఉరికితే ఎనుక ఎవడుంటడు? రాజన్నకు అనుభవం ఉన్నది."

"అనుభవమే? ఇయ్యాల చూడలే నీ అనుభవాన్ని? వంగి పట్టీ కట్టుకుంటున్నది!"

"ఒక్క గోల్‌కు మనిషిని పారేస్తవా?"

"పారేస్తలేను ర! అదలా బదలా చేస్తున్న!"

"నీకు పిచ్చి లేసింది."

"నీకు ఆట తెల్వది!"

పక్క రూములవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. సగంమంది నా వైపు, సగంమంది భూమేశ్ వైపు. కుర్రవాళ్ళను నమ్ముకోవాలని మేం, ఉన్నవాణ్ణి ఉంచుకోవాలని వాళ్ళు. ఒకడు నా మాట సరైందంటే, ఇంకొకడు నా తాతదాకా వెళ్ళాడు. కూర మాడింది. ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా అప్పుడే రాజన్న స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"పొమ్మంటె పోత తియ్యిన్రి," అన్నాడు. "గింత లొల్లి ఎందుకు?"

నిజం చెబుతున్నాను, నాకు దాంతో కోపం ఇంకా పెరిగింది. తిరిగి తిట్టి ఉంటే నేను చల్లబడేవాణ్ణేమో. ఆయన అలా నెమ్మదిగా అనేసి పోయి చాప మీద కూర్చుంటే, నేనేదో పాపిష్టివాణ్ణయినట్టు అందరూ నా వంక చూశారు. ఇక వెనక్కి తగ్గే ప్రసక్తే లేదనుకున్నాను.

మర్నాడు సీబ్‌కు ఫోన్ చేశాను. అక్కడ అభిమానులకు పెద్ద వీర్రాజు గారు. అమలాపురం పక్క మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు. మాట చక్కెర పాకంలా ఉంటుంది.

"కుర్రోళ్ళు బంగారంలాంటోళ్ళండి మల్లేశ్ గారూ," అన్నాడాయన. "ఇద్దర్నీ ఇవ్వాలంటే మాకూ మనసు రావట్లేదండి. కానేటండి, మాకు ఈ ఏడు కప్పు కావాలండి. పెద్దాయన ఎనకాల ఉంటే మాకు గుండె ధైర్యమండి."

"మీ గుండె ధైర్యం మీరు తీస్కపోన్రి. నాకు ఆ ఇద్దరూ కావాలె."

"అలాగేనండి. మాట మాటేనండి?"

"మాటే!"

చూశారా, ఎంత తెలివైనవాణ్ణో! ఒక్క ముసలి బ్యాకుకు ఇద్దరు కుర్ర బ్యాకులు. ఆ రోజు సైటులో నేను నడిచిన నడక చూసి, ఇంజనీరుగా ప్రమోషన్ వచ్చిందేమోనని మేస్త్రీలు అనుమానపడ్డారు. భూమేశ్ ముందు రెండు వేళ్ళు, ఒక వేలు చూపించి మరీ నవ్వాను. వాడు మొహం తిప్పుకున్నాడు.

టీము మారాలంటే డ్యూటీ మారాలి కదా. డ్యూటీ మార్చేది సలీం భాయ్. పాతబస్తీ మనిషి, మా క్యాంప్ బాస్, మూడు సైట్ల మధ్య మనుషుల్ని అటూ ఇటూ పంపేది ఆయనే. భూమేశ్‌తో సహా రూమ్ అంతా నా వెనకే ఆఫీసుకు వచ్చింది. రాజన్న కూడా వచ్చాడు. సలీం భాయ్ చాయ్ తాగుతూ నా మాటంతా విన్నాడు.

"క్యా మియా, హాకీ కోసం ట్రాన్స్‌ఫర్ అడుగుతున్నవా?"

"టీమ్ బాగుపడ్తది భాయ్. మన క్యాంపు ఇజ్జత్ కోసం."

"ఠీక్ హై. సీబ్ నుంచి ఎందరొస్తున్నరు?"

"ఇద్దరు."

"ఇక్కడి నుంచి ఎందరు పోతున్నరు?"

"ఒక్కరే!" అన్నాను, ఛాతీ విరుచుకుని. నా బేరం గొప్పతనం ఆయనకు అర్థం కావాలని ఇంకోసారి కూడా అన్నాను. "ఒక్కరికే ఇద్దరు, భాయ్!"

సలీం భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బాగుంది. ఆ ఇద్దరూ ఒక్క బెడ్ మీద పడుకుంటరా?"

నాకు అర్థం కాలేదు.

"క్యాంపు ఫుల్ ఉంది మియా. ఒక బెడ్ ఖాళీ అయితే ఒక మనిషి వస్తడు. ఇద్దరొస్తే రెండు బెడ్‌లు కావాలె. సీబ్ సైటుల ఒక మనిషి తక్కువ పడతడు గదా? వాళ్ళు ఊకుంటరా? మనిషికి మనిషి. నీ హాకీ హిసాబ్ నా దగ్గర చెల్లదు. ఇంకొక్కణ్ణి పంపాలె."

నేను వెనక్కి తిరిగి నా రూమ్ వాళ్ళను చూశాను. నా వైపు వాదించిన సగంమందీ కిటికీలోంచి ఖర్జూరం చెట్లు చూస్తున్నారు. రెండో సగం నన్నే చూస్తున్నారు.

"సీబ్ల షట్టరింగ్ కార్పెంటర్ కావాలని రోజూ ఫోన్ చేస్తున్నరు," అన్నాడు సలీం భాయ్. "నువ్వు షట్టరింగే గదా?"

"భాయ్, నేను ఆడను భాయ్! నేను ఉత్తగ అరుస్త!"

"అక్కడ పోయి అరుచుకో. ఖలాస్."

నేను అరిచాను, బతిమాలాను, బేరం రద్దు చేసుకుంటానన్నాను. సలీం భాయ్ అప్పటికే వీర్రాజు గారికి ఫోన్ చేసేశాడు. "ఇద్దరొస్తున్నారాండి? మా అదృష్టమండి!" అని అటు నుంచి గట్టిగా వినబడింది. బయటికొచ్చాక భూమేశ్ నాకు రెండు వేళ్ళు, మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు. అంతే. వాడి మీద నాకు ఈరోజుకీ కోపమే.

నా ఏసీ మంచం సతీష్‌కు వెళ్ళింది. నా దిండు కూడా వాడే ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది.

ఫైనల్ మళ్ళీ రుస్తాఖ్‌కూ సీబ్‌కే పడింది. నేను సీబ్ బస్సులో వచ్చి, సీబ్ బెంచీల మీద, సీబ్ జెండా పట్టుకుని కూర్చున్నాను. అవతల గట్టున నా మనుషులు. మధ్యలో నేను తెచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళు ఎలా ఆడారో చెప్పమంటారా? నేను చెప్పినట్టే ఆడారు! ఒకడు ముందుకు ఉరికితే ఇంకొకడు వెనక గోడలా నిలబడ్డాడు. భూమేశ్ గాడి వాదన మొత్తం అబద్ధమని గ్రౌండు మీద రుజువవుతుంటే, వాడి దగ్గరికెళ్ళి వాడి చెవిలో అరిచే అవకాశం నాకు లేదు. అంతకన్నా నరకం ఉంటుందా?

ఆట అయిపోవస్తుండగా సతీష్ బంతితో మా గట్టు నుంచి, అదే, వాళ్ళ గట్టు నుంచి బయలుదేరాడు. అందర్నీ దాటాడు. ఎదురుగా రాజన్న ఒక్కడే మిగిలాడు. ఆయన ఈసారి వంగలేదు. మోకాలు పట్టించుకోకుండా అడ్డం పడ్డాడు, పాపం, నేల మీద పొడుగ్గా. బంతి ఆయన కర్ర అంచున తగిలి లోపలికి పోయింది.

నేను ఎగిరి గంతేశాను. "గోఓఓల్!" అని అరిచాను. జెండా ఊపాను. సీబ్ జెండా.

నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"మల్లేశ్ గారూ," అన్నాడు వీర్రాజు గారు, చక్కెర ఏ మాత్రం తగ్గకుండా, "మీరు వెనక్కి మా బస్సులోనే రావాలండి."

వెళ్ళాను. ఆ బస్సులో నా పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నది రాజన్న ఒక్కడే. మోచేయి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. నాకు సిగ్గేసింది. ఆయనే అన్నాడు, "నువ్వు చెప్పింది నిజమే ర మల్లేశ్. పోరగాళ్ళు మస్తు ఆడిన్రు." తిట్టినా బాగుండేది. నాకు ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి కళ్ళల్లో నీళ్ళతో.

సీబ్ రూములో ఆ సాయంత్రం ఎవరూ అన్నం ముట్టలేదు. అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. ఆఖరికి వీర్రాజు గారు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయన పనైపోయిందండి. రైసూత్‌లో ఇద్దరు కుర్ర బ్యాకులున్నారంటండి, చిరుతపులులంట. పెద్దాయన్ని అటిచ్చేసి ఆ ఇద్దర్నీ తెచ్చేసుకుంటే..."

ఎక్కడి సీబ్, ఎక్కడి రైసూత్! బస్సెక్కితే పగలంతా ఎడారే. నేను ఒంటికాలి మీద లేచాను. "ఎవడన్నడు పనైపోయిందని? ఆ ఒక్క బంతి తప్ప ఇంకేదన్న దాటిందా? రాజన్నసొంటి బ్యాకు ఈ ఒమన్ మొత్తంల ఉన్నడా? ఆట తెలిసినోడు మాట్లాడే మాటేనా ఇది?"

రూమ్ అంతా బిత్తరపోయింది. ఇంత అభిమానం నాకెక్కడిదని వీర్రాజు గారు నోరు తెరిచి చూశాడు. రాజన్న మాత్రం మోకాలికి మందు రాసుకుంటూ, తలెత్తకుండా, అందరికీ వినబడేలా అన్నాడు:

"నా మీద ప్రేమ కాదు వీర్రాజన్నా. ఒక్కరికి ఇద్దరొస్తె కొసరు కింద ఎవలు పోవాల్నో గాయనకు ఎరుకే."

కాబట్టి చదువరులారా, ఈ సీబ్ సముద్రం సాక్షిగా, సలీం భాయ్ చాయ్ గ్లాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ ఆటగాణ్ణీ మార్చమని అడగను. ఒకవేళ కోపంలో అడిగినా, ఒక్కరికి ఒక్కరినే అడుగుతాను.