వంపు కోసిన పైపు

ఏండ్లకేండ్లుగ ఒక మాట నా గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగితే దిగదు. కక్కుదామంటే ధైర్యం చాలదు. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గట్లయితెనే ఇది బయటికొస్తది. ఒక మనిషి నోటికాడి బుక్క నేను గుంజేసిన. పైగా తప్పు ఆయనదే అని ఆయననే నమ్మనిచ్చిన.

అప్పటికి మాది మైసూర్ రాష్ట్రం. హుమ్నాబాద్‌ల లారీల మెకానిక్‌ను నేను. ఔరాద్ దిక్కు మంజీర మీద ఒక సర్కారు ఆఫీసోళ్ల మోటర్ పడవ ఉండె. వానకాలంల అవతలి ఊర్లకు విత్తనాలు చేరేసేది. నడిపేటాయన మల్లయ్య. తాతల కాలం నుంచి ఆ ఏట్ల పుట్టి, గదే గుండ్రటి తట్ట పడవ, నడిపిన ఇల్లు వాళ్లది. ఆ ఒక్క వానకాలం గడిస్తే నౌక్రి పక్కా అయితదని చెప్పిండ్రట.

పడవ అడుగున ఊరే నీళ్లను బయటికి పారబోసే పంపు సరిగ్గ కొడ్తలేదని ఒక మాపటి పూట నన్ను పిలిపించిండ్రు. చూసిన. పైపు సీదా బయటికి పోతలేదు. పడవ అంచు దాంక ఎక్కి, అక్కడ వంగి, మళ్ల దిగి పక్క బెజ్జంలకెల్లి బయట పడ్తాంది. ఆ వంపు నెత్తిన ఒక సన్న రంధ్రం, అండ్లకెల్లి నీళ్లు చిమ్ముతున్నయి. లీకు అనుకున్న. లారీ పని చేసేటోనికి పైపు ఎంత పొట్టిగుంటె అంత మంచిదనే తెలుసు. వంపు కోసేసి సీదా పైపు బిగించిన. ధార మంచిగ కొట్టింది. మల్లయ్య ఒక్కడే నసిగిండు. బరువెక్కితే బెజ్జం నీళ్లల్ల మునుగుతదట, వంపు లేకుంటె ఏరు అదే పైపులకెల్లి లోపలికొస్తదట, ఆ రంధ్రం ఏటి నీళ్లు ఎనక్కి గుంజకుండ గాలి కోసం పెట్టిందట. నేను నవ్విన. పుట్టి తిప్పేటోనికి మోటర్ సంగతి ఏమెరుక అన్న, అందరి ముందట.

మర్నాడు పొద్దుగాలనే పడవ మునిగింది. మనుషులు ఈది బయటపడ్డరు. విత్తనాలన్నీ పోయినయి.

పడవను ఒడ్డుకు గుంజినంక చూడమని నన్నే పిలిచిండ్రు. పైపు మీద చెయ్యి పెట్టంగనే సమజయింది, మల్లయ్య చెప్పినట్టే ఏరు అండ్లకెల్లే లోపలికొచ్చిందని. అప్పుడే చెప్తే ఏమయితుండె? నాలుగు తిట్లు తింటుంటి, పేరు ఖరాబయితుండె. అంతే గద? ఆ అంతకే భయపడ్డ. ఎవ్వలూ చూడకముందే పాత వంపును ఎట్లున్నదో అట్ల అతికిచ్చి పెట్టిన. బీదర్ నుంచి అధికారి వచ్చి చూస్తే పైపు మంచిగనే కనపడె. మల్లయ్యనే బరువు ఎక్కువ ఎక్కిచ్చిండని కన్నడల రాసిండ్రు. మల్లయ్యకు చదువు రాదు, వేలిముద్ర ఏసిండు. నాకొచ్చు. చదివి కింద సాక్షి సంతకం పెట్టిన.

ఆయన నౌక్రి పోయింది. పడవ ముంచినోడని పుట్టి కూడ ఎవ్వలూ ముట్టనియ్యలే. రోడ్డు పనిల కంకర కొట్టిండు.

శాన ఏండ్లకు ఔరాద్ సంతల ఎదురుపడ్డడు. తప్పించుకుందామనుకున్న, ఆయనే చెయ్యి పట్టుకున్నడు.

"మేస్త్రీ, నువ్వు నా మాట ఇని ఆ మాపే వంపు మళ్ల పెట్టినవ్. నేనే చూస్కోలే. నిన్ను ఊకె అనుమానపడ్డ. తొమ్మిది సంచులు ఎక్కిచ్చిన, ఒక్కటి తగ్గించాల్సుండె. మనసుల పెట్టుకోకు."

చెప్పాల్సింది అప్పుడే. నన్నే మాఫి అడుగుతున్న మనిషి ముందట నేనేం చేసిన? "పోనియ్యన్నా" అన్న. పోనియ్యట! ఆ మాట యాదికొస్తె ఇప్పటికీ నా మొకం నాకే చూడబుద్ధి కాదు.

తర్వాత కొన్నేండ్లకు ఆయన కాలం చేసిండు. సంచుల లెక్కనే తలుసుకుంట పోయిండని ఆయన బిడ్డ చెప్పింది. ఆమెకు గూడ చెప్పలేకపోయిన.

నన్ను మాఫి చెయ్యమని మిమ్మల్ని అడుగుతలేను. అది మీ చేతులది కాదు. ఆయన చెవిల పడాల్సిన మాట మీకు చెప్తున్న, గంతే. అన్నా, తొమ్మిది సంచులు ఎక్కువ కాలే. వంపు కోసింది నేనే.