పక్కవాద్యమా, వెనకవాద్యమా?

యారాడలో చేపలు పట్టే వరహాలు అనుమానించనిది సముద్రాన్ని ఒక్కదాన్నే. అది మోసం చేస్తుందని ఖాయంగా తెలుసు కనక అక్కడ అనుమానానికి తావు లేదు. మిగిలిన లోకంలో ఆయన అనుమానానికి మిక్కిలి పాత్రమైనది కూతురు ధనశ్రీ వయొలిన్.

బళ్లో సంగీతం చెప్పే సుధారాణి టీచరు, ఆ పిల్ల చెవి బాగుందని పట్నంలో తన ఇంటికి పిలిచి నేర్పడం మొదలుపెట్టిన నాడే వరహాలు నొసలు ముడిపడింది. చెవి బాగుంటే కమ్మలు పెట్టాలి గానీ, చేతికి కమాను ఇవ్వడమేమిటి? పైగా నెలల తరబడి 'సా' అనే ఒక్క అక్షరాన్నే సాగదీయించారు.

"టీచరమ్మకి రెండో అచ్చరం వచ్చో రాదో కనుక్కోవే," అన్నాడు.

ధనశ్రీ నేలమీద కూర్చుని వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించడం చూసి మరీ కంగారుపడ్డాడు. వాయించాక ఆమె దానికి దణ్ణం పెడితే, చేసిన తప్పుకు క్షమాపణ అడుగుతోందని తేల్చాడు.

పిల్ల కాలేజీకొచ్చింది. కృతులు పట్టుబడ్డాయి. పక్కవాద్యానికి పిలుపులొచ్చాయి. భీమిలి కచేరీకి ముందు గాయకుడు అనిరుధ్ సాధన కోసం యారాడ వచ్చాడు. అతని గొంతు ఎటు పోతే ధనశ్రీ కమాను అటే పోతోంది, ఒక్క ఊపిరి వెనకగా. వల బాగుచేస్తున్న వరహాలు చెయ్యి ఆగింది.

యారాడలో ఘోరమైన తప్పు ఒకటుంది. ఒకడి బోటు చేపలున్న చోటు కనిపెడితే, వాడి వెనకాలే పోయి అక్కడే వల వెయ్యడం. అలాంటివాడికి టీకొట్టు బల్ల మీద కూడా చోటివ్వరు.

అనిరుధ్ గడప దాటగానే విచారణ మొదలైంది.

"ఏటే గుంటా, ఆడి ఎనకాల పడ్డావ్?"

"పక్కవాద్యమంటే అదే నాన్నా."

"పక్కన కూకుని ఎనక వాయిత్తన్నావ్! ఒకడెనకాల వలేసినోళ్లు మన వంశంలో లేరు. భీమిలి నానూ వత్తాను. అక్కడా ఇదే పని సేసావా, వయొలిను అటక మీద పడెత్తాను. మరి దించేది లేదు."

"పడెయ్. నీ నడుం, నీ అటక," అంది భార్య చిట్టమ్మ.

ధనశ్రీ మాత్రం నవ్వలేదు. నాన్న ఉత్తినే బెదిరించే రకం కాదు.

భీమిలిలో వరహాలు ముందు వరసలో కాపలా కూర్చున్నాడు. అనిరుధ్ ముందు, ధనశ్రీ వెనక. వరహాలు కండువా దులిపాడు. అటక ఖాయమైపోయింది.

అంతలో చరణంలో అనిరుధ్ తర్వాతి పాదం మరిచిపోయాడు. గొప్ప భావంలో మునిగినట్టు కళ్లు మూసుకుని 'ఆ' అంటూ నిలిచిపోయాడు. ధనశ్రీ తలెత్తకుండా ఆ పాదాన్ని ముందుగా వాయించింది. ఆ స్వరాన్ని పట్టుకుని అతను మాటల్లోకొచ్చి పడ్డాడు. జనం 'భలే' అన్నారు, అతని భావానికి.

వరహాలు లేచి నిలబడ్డాడు. పక్కనే ఉన్న చిట్టమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

కచేరీ ముగియగానే వేదిక దగ్గరికెళ్లి అనిరుధ్‌ను నిలదీశాడు. "ఏటి బాబూ, మా గుంట తోవ కనిపెడితే నువ్వెనకాలొచ్చి వలేసేత్తావా?"

ధనశ్రీ మొహం కప్పుకుంది. అనిరుధ్ నవ్వేశాడు. "నిజమేనండీ. మరిచిపోయాను. తను దారి చూపకపోతే మునిగిపోదును."

"ఒప్పేసుకున్నాడు!" అన్నాడు వరహాలు భార్యతో.

"మరిచిపోతే అందించడం నా పనే నాన్నా."

"నువ్వూరుకో. నీకు లోకం తెల్దు."

అటక ఖాళీగానే ఉంది. ధనశ్రీకి కచేరీలు పెరిగాయి. ప్రతిదానికీ వరహాలు ముందు వరసలో హాజరు. వయొలిన్ వైపు చూడను కూడా చూడడు. గాయకుణ్ణే కనిపెట్టుకుని ఉంటాడు.