మసకబారింది ఏ చుక్క?

మా సైన్సు సారు పోయారని మొన్న కమలాపురం నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన "చుక్కల సారు పోయినాడప్పా" అన్నాడంతే. పేరు చెప్పాల్సిన పని లేకపోయింది.

రిటైరయ్యాక సారు మిద్దె మీద టెలిస్కోపు పెట్టుకున్నారు. వడియాలు ఎండబెట్టే చోటు పోయిందని ఆయన భార్య ఏడాదిపాటు సణిగారు. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం.

సారుకు ఒక జంట చుక్కల మీద పట్టుదల. టెలిస్కోపులో పెద్దదొకటి, చిన్నదొకటి పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో ఒకటి మళ్లీ రెండు చుక్కలట. అవి ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడల్లా గ్రహణం పట్టి వెలుగు తగ్గుతుంది. కానీ అప్పటిదాకా కొలిచినవాళ్లంతా అన్నిటి వెలుగూ కలిపే కొలిచారు కాబట్టి, గ్రహణం పట్టేది దేనికో తేలలేదు. పెద్దదానికేనని సారు తనలాంటి చుక్కల పిచ్చివాళ్ల వాట్సాప్ గ్రూపులో ముందే ప్రకటించేశారు.

గ్రహణం ఉన్న ఒక సాయంత్రం నన్ను పిలిచారు. చీకటి పడ్డాక చూశాను. నాకేమీ తెలియలేదు. అయినా "పెద్దదే సార్" అన్నాను. పదో తరగతి నుంచీ ఆయన మాటకు ఎదురు చెప్పిన అలవాటు లేదు.

బట్టలు తీయడానికి పైకొచ్చిన అమ్మ కూడా ఒక కన్ను పెట్టారు. కాసేపయ్యాక మళ్లీ చూశారు.

"పెద్దది ఎట్లుండేది అట్లే ఉండాది. చిన్నదే మాసిపోతాండాది."

"నీకు చత్వారం. నీకేం కనపడుతాది?"

"చత్వారం దగ్గరివాటికి గదా! చుక్క యాడుండాది, మన వాకిట్లోనా?"

సారు ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాతి గ్రహణానికి గంట గంటకూ ఫోటోలు తీసి, రెండు చుక్కల వెలుగునూ విడివిడిగా కొలిచారు. చిన్నదే! వెంటనే గ్రూపులో "నేను తప్పు, మా ఇంటామె ఒప్పు" అని రాసేశారు. తర్వాత నాకు ఫోన్ చేశారు.

"ఆమె చుక్కను చూసి చెప్పింది. నువ్వు నన్ను చూసి చెప్పినావు. శానా తప్పప్పా."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత వెళ్లినప్పుడు టెలిస్కోపు దగ్గర స్టూలు మీద అమ్మ నిలబడి ఉన్నారు. సారు ఒక చేత్తో స్టూలు కదలకుండా పట్టుకుని, రెండో చేతిలో పెన్ను పట్టుకుని, తల పైకెత్తి అడుగుతున్నారు:

"ఇప్పుడెట్లుండాది?"

"ఉండయ్యా, చూడనీ."

సారు పెన్ను కదపకుండా నిలబడ్డారు.