గాల్వేకి దారెటు?

డాక్టర్ కృపాదానం గారికి డబ్లిన్‌లో తెలియని వీధి లేదు. ఆయన దారి అడగని మనిషీ లేడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి విషయంలో ఎలా నిజమవుతాయని అడక్కండి. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆ ప్రశ్న వేసుకోవటం మానేసి చాలా కాలమైంది.

పుట్టింది బాపట్ల దగ్గర. ఐర్లండు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చేసేది మత్తు డాక్టరు పని. ఆపరేషన్ బల్ల మీద మనిషిని నిద్రపుచ్చి, మళ్ళీ కళ్ళు తెరిచేదాకా ఊపిరికి కాపలా కాస్తారు. ఎందుకండీ మీకీ దారుల పిచ్చి అని ఎవరైనా అంటే, "ఏం చెయ్యమంటారు? నేను రెండు మాటలు మాట్లాడేలోగా నా పేషెంట్లు నిద్రపోతారు. మెలకువగా ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే నాకిదొక్కటే మార్గం" అనేవారు.

ఆయన భార్య సత్యవాణి ఆయనతో నడకకు వెళ్ళటం ఏనాడో మానుకుంది. ఇప్పుడు వాళ్ళుంటున్న కిల్కెన్నీ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలకు కలిసినప్పుడల్లా ఆ కారణం చెప్పేది.

"పెళ్ళిచూపులకి వస్తూ మా గేటు ముందు నిలబడి, మా నాన్నగారినే మా ఇల్లెక్కడని అడిగారండీ. ఇదే బాబూ అన్నారు నాన్న. ఇదేనని తెలుసండీ, ఎటునుంచి వస్తే దగ్గరో చెబుతారేమోనని అన్నారీయన. అప్పుడే లేచి లోపలికి పోవాల్సింది నేను."

"మరి పోలేదేం?" అనేవాళ్ళు ఎవరో ఒకరు.

"నాన్న అప్పటికే ఆయనకి మూడు దారులు చెప్పేసి, నాలుగోది చెబుతున్నారు. మనిషి తెగ నచ్చేశాడు."

కరోనా వచ్చిన కొత్తలో ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి ఎవరూ పోకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. అప్పట్లో కృపాదానం గారు డబ్లిన్‌లోనే పనిచేసేవారు. సాయంత్రం పూట మాస్కు తగిలించుకుని ఇంటి దగ్గరి స్టోనీబాటర్ సందుల్లో తిరుగుతూ, కనిపించిన ముసలివాళ్ళనల్లా గాల్వేకి దారెటు అని అడిగేవారు. గాల్వే ఎక్కడుందనుకున్నారు? దేశానికి ఆ చివర, సముద్రపు ఒడ్డున. ఒకరోజు గార్డు, అంటే అక్కడి పోలీసు, ఆయన్ని ఆపాడు.

"ఎక్కడికి సార్ ప్రయాణం?"

"ఎక్కడికీ లేదు. దారి కనుక్కుంటున్నానంతే."

"గాల్వే రెండు కిలోమీటర్ల లోపల లేదు."

"అందుకేగా వెళ్ళనిది."

గార్డు ఆయన మెడలో వేలాడుతున్న ఆసుపత్రి కార్డు చూశాడు. పాపం, నిద్రలేక ఎన్నాళ్ళయిందో అనుకుని వదిలేశాడట.

ఈ కథలన్నీ లోహిత విన్నవే. సగానికి పైగా కల్పన అనుకునేది. లోహితది కరీంనగర్. కృపాదానం గారు కిల్కెన్నీకి మారాక ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. రెండు వేల ఇరవై ఒకటి నవంబరులో డబ్లిన్‌లో మత్తు డాక్టర్ల సదస్సు జరిగితే ఇద్దరూ కలిసి వెళ్ళారు. హాల్లో కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇంకో కుర్చీ పట్టేంత ఎడం. వక్తల్లో సగంమంది తెరమీదే. ఒకాయన మ్యూట్ తీయకుండా చివరిదాకా మాట్లాడితే, జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. కృపాదానం గారు భోజనాల గది తలుపుకి ఆనుకుని నిలబడి, భోజనాలెక్కడని వచ్చేపోయేవాళ్ళని అడిగారు. చివరికొకాయన మోచేత్తో ఆ తలుపే నెట్టి చూపించాడు.

మధ్యాహ్నానికి సదస్సు ముగిసింది. లోహితకి నాలుగింటికి ఫిబ్స్‌బరోలో ఇల్లు చూసే పని ఉంది. డబ్లిన్‌లో అద్దె ఇల్లు చూడటమంటే మనం ఇల్లు చూడటం కాదు, ఇల్లు మనల్ని చూడటం. జనవరి నుంచి ఆమెకి డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రిలో పోస్టు వచ్చింది. కోరుకున్న పోస్టు. కిల్కెన్నీ నుంచి రోజూ తిరగటం జరిగే పని కాదు. వేసవి నుంచి ఇంటికోసం వెతుకుతోంది, ఒక్కటీ కుదరలేదు. వస్తానో రానో సోమవారం చెప్పెయ్యాలి. ఇదీ దొరక్కపోతే రానని చెప్పెయ్యటానికే నిశ్చయించుకుంది. 

"నడిచి పోదామమ్మా. ఊరు చూసినట్టుంటుంది" అన్నారు కృపాదానం గారు.

"నాలుగింటికల్లా అక్కడుండాలె సర్. దారి తెలుసు కదా?"

"తెలియకేం?"

లిఫీ నది వంతెన మీదికి వచ్చారు. అక్కడ ఒక ముసలాయన కమ్మీల మీద చేతులు ఆనించి నీళ్ళకేసి చూస్తున్నాడు. కృపాదానం గారు నాలుగడుగుల దూరంలో ఆగి, గొంతు పెంచి, "లిఫీ నది ఎటుందండీ?" అన్నారు.

ముసలాయన కిందికి చూశాడు. ఈయన మొహంలోకి చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు.

"పొద్దున నేనొచ్చినప్పుడైతే ఇక్కడే ఉంది" అన్నాడు.

ఇంకేముంది, కబుర్లు మొదలయ్యాయి. నదిలో వరద ఎప్పుడొచ్చిందీ, ఆయన తమ్ముడి పడవ ఎలా మునిగిందీ, పడవ మీద అప్పిచ్చినవాడు ఎలా ఏడ్చిందీ అన్నీ అయ్యాయి. లోహిత ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదికి మారుతూ నిలబడింది. చివరికి ఆయన్ని ఇవతలికి లాక్కొచ్చి, "ఫోన్ల మ్యాప్ ఉంది కద సర్. మళ్ళ అందర్ని ఎందుకడుగుతున్నరు?" అంది.

"మ్యాపుకి తమ్ముడున్నాడా అమ్మా?"

డోర్సెట్ వీధిలో, చక్రాల సంచీ లాక్కుంటూ వస్తున్న ఒక పెద్దావిడ దొరికింది. ఆవిడ ఫిబ్స్‌బరోకి దారి చెప్పిన తీరు చూడాలి. పాత సినిమాహాలు దగ్గర ఎడమకి తిరగాలి. ఆ హాలు కూల్చేశారనుకోండి. తరవాత రొట్టెల కొట్టు. అది ఆవిడ పెళ్ళికి ముందే మూసేశారు. అక్కణ్ణుంచి ఫాదర్ మైకేల్ వాళ్ళ అక్క ఉండే ఇల్లు. ఆ అక్కా పోయింది, దేవుడామె ఆత్మకి శాంతినివ్వాలి.

"లేని హాలు కాడ ఎట్ల తిరుగుతం సర్?" అంది లోహిత ఆవిడ వెళ్ళాక.

"ఎక్కడ కనబడకపోతే అదే ఆ చోటన్నమాట."

లోహితకి నవ్వు రాలేదు. మాటిమాటికీ టైం చూసుకుంటోంది. అంత కంగారులోనూ ఒక సంగతి ఆమె కంట్లో పడింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చకచకా పోయే కుర్రకారుని ఈయన అడగటం లేదు. తలనెరిసినవాళ్ళే కావాలి. పోనీ, వాళ్ళు చెయ్యెత్తి చూపించే దిక్కుకైనా చూస్తారా అంటే, అదీ లేదు. మొహం కిందుగా, మెడ దగ్గరెక్కడో చూస్తుంటారు. కళ్ళద్దాలు మార్చాల్సిన వేళ వచ్చిందేమోలే అనుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు క్యూ వీధి మలుపు తిరిగి ఉంది. అందరి చేతుల్లోనూ కాగితాలు, అందరి మొహాలకీ మాస్కులు. నిలబడ్డ కాసేపటికే సూటు వేసుకున్న ఒకతను బయటికొచ్చి, ఇల్లు పొద్దునే ఇచ్చేశామనీ, కబురు పెట్టేలోపే అందరూ వచ్చేశారనీ చెప్పి, సారీ అని తలుపేసుకున్నాడు.

క్యూ విడిపోయింది. లోహిత అక్కడే నిలబడిపోయింది.

"నా మూలంగా ఆలస్యమైందా అమ్మా?"

"లేదు సర్. పొద్దుగాలనే పోయిందంట కదా" అంది. నోటితో అలా అన్నదే గాని, మనసులో ఆయన్ని వరసపెట్టి తిట్టుకుంది. కోపం వస్తే ఎవరో ఒకరు కావాలి కదా, ఆ సూటువాడు తలుపేసుకున్నాడాయె. ఏడుపు కూడా వచ్చింది. మాస్కుతో అదొక సుఖం, ముక్కు కారినా బయటికి తెలియదు.

"స్టోనీబాటర్ మీదుగా స్టేషనుకి నడుద్దాం" అన్నారాయన మెల్లగా.

"దారిల మళ్ళ ఎవర్నన్న అడిగిండ్రనుకోండి, నేను బస్సెక్కి పోత సర్."

"అబ్బే, అడగను." నాలుగడుగులు వేశాక, "ఒక్కర్నే" అన్నారు.

స్టోనీబాటర్‌లో ఇళ్ళన్నీ ఎర్ర ఇటుకలవి, చిన్నవి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అందులో ఒక ఇంటి ముందు ఆగి, కృపాదానం గారు కిటికీ వైపు చెయ్యి ఊపారు. తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ వచ్చింది. పేరు బ్రీడా టాలన్ అని ఆయన చెప్పారు. ఎనభై ఏళ్ళుంటాయి. ఊలు కోటు బొత్తాలు పెట్టుకుంటూ గేటు దాకా నడిచింది.

"గాల్వేకి దారెటండీ?" అన్నారు కృపాదానం గారు.

లోహితకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం, ఇందుకే ఎదురుచూస్తున్నట్టు, గేటు పట్టుకుని మొదలుపెట్టింది.

"ఇలా దిగి నది పట్టుకుని పోతే చాపలిజాడ్, అక్కణ్ణుంచి పామర్స్‌టౌన్, లూకన్, లీక్స్‌లిప్, మెయినూత్, కిల్కాక్, ఎన్‌ఫీల్డ్, కినెగాడ్, ఇంక తిన్నగా అథ్లోన్..."

అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. కృపాదానం గారి కళ్ళు మెరిశాయి. ఆవిడ చెయ్యి పడమటికి చూపిస్తుంటే ఈయన చూపు ఆవిడ మెడ కింద, ఎముకల మధ్య గుంట మీదే ఉంది. ఆ చూపు లోహితకి బాగా తెలుసు. ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి రోజూ చూసే చూపే. మనిషి ఒక వాక్యం చెప్పటానికి ఎన్నిసార్లు ఊపిరికి ఆగుతున్నాడో చూడమని మొదటిరోజే నేర్పింది ఆయనే.

"సర్, మీరు దారి వింటలేరు" అంది తెలుగులో.

"కిందటి చలికాలం ఈవిడకి కోవిడ్ వచ్చి తగ్గింది" అన్నారాయన, ఆవిడకేసి చూసి తలాడిస్తూనే. "అప్పుడు లూకన్ కూడా దాటలేకపోయేది. డబ్లిన్ వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, ఎండాకాలానికి కినెగాడ్ చేరింది. ఇవాళ అథ్లోన్ దాకా ఒకే ఊపిరి."

"ఎట్లున్నరని అడిగితే అయిపోతది కద సర్?"

"అడిగితే గ్రాండ్ అంటారు. ఈ దేశంలో ఒంట్లో ఎలా ఉన్నా గ్రాండే. తలుపేసుకుని లోపలికి పోతారు. దారి అడిగావనుకో, గేటు దాకా వస్తారు. నడక తెలుస్తుంది, ఊపిరి తెలుస్తుంది. ఆ కట్టడి రోజుల్లో వీళ్ళ గడప తొక్కే మనిషి ఉన్నాడా? అలవాటు నాకు పాతదే. పనిలో పెట్టింది మాత్రం అప్పుడు."

"మరి లూకన్ కాడ ఆగిపోతే?"

"వాళ్ళ జీపీ డాక్టరు దగ్గరికే దారి అడిగేవాణ్ణి. చూపిస్తాం పదమని వాళ్ళే బయల్దేరేవాళ్ళు."

 లోహితకి అందాకా తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"నేనలా వెళ్ళి స్టేషను ఎటో కనుక్కొస్తాను. నువ్వు ఆవిడతో మాట్లాడుతుండు" అని ఆయన సందు మలుపు తిరిగారు.

బ్రీడా టాలన్ లోహితని ఎగాదిగా చూసింది. "నువ్వూ దారి తప్పావా?"

"దారి తప్పలేదు. ఇల్లు దొరకలేదు" అంది లోహిత. అంతటితో ఆగుదామనుకుంది గాని, అడిగేవాళ్ళు దొరికేసరికి బ్లాంచర్డ్స్‌టౌన్ పోస్టు, వేసవి నుంచి తిరగటం, ఇందాకటి క్యూ, సోమవారం చెప్పాల్సిన మాట, అన్నీ బయటపడ్డాయి. ఆవిడ అడ్డుపడకుండా విన్నది.

"బ్లాంచర్డ్స్‌టౌన్ బస్సు ఆ మూలమీదే ఆగుతుంది" అంది చివరికి. "మేడమీద మా అమ్మాయి గది ఖాళీగా ఉంది. అది భూమికి ఆ చివర పెర్త్‌లో ఉంటుంది, రావటానికి అక్కడ సరిహద్దులు మూసేశారు. ఎవర్నైనా ఇంట్లో పెట్టుకోమ్మా అని రోజూ ఫోను. నన్ను కనిపెట్టుకుని కూర్చునే మనిషి నాకక్కర్లేదు. మందులు వేసుకున్నావా అని ఒక్కసారి అడిగావా, ఆ పూటే ఖాళీ చెయ్యాలి."

"అడగను" అంది లోహిత. నిజంగా ఇస్తానంటోందో ఊరికే అంటోందో అర్థం కాక, గేటు గట్టిగా పట్టుకుంది.

ఆవిడ సందు మలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "అసలు సంగతి చెబుతాను, ఆయనతో అనకు. ఏడాదిన్నర నుంచీ గాల్వేకి దారి చెబుతున్నాను. ఎంత మొద్దుకైనా ఈపాటికి వచ్చేస్తుంది. ఆయనకి దారి తెలుసు. పాపం, ఇంటికి పోతే మాట్లాడే మనిషి లేక ఇలా వస్తుంటాడు. అందుకే నేను మోటర్‌వే సంగతి ఎత్తకుండా ఊరూరా తిప్పి పాతదారే చెబుతాను. నువ్విక్కడుంటే ఆయన వచ్చి టీ తాగటానికి ఒక చోటుంటుంది. ఆయనకెవరూ లేరు కదూ?"

లోహితకి సత్యవాణి గుర్తొచ్చింది. ఇద్దరు పిల్లలూ, ఆదివారమైతే ఆ ఇంట్లో బిర్యానీకి చేరే సగం కిల్కెన్నీ గుర్తొచ్చాయి. తలెత్తి మేడమీది కిటికీ చూసింది. తెల్లటి తెరలు, ఉతికినవి.

"ఎవరూ లేరు పాపం" అంది.

"అనుకున్నాను" అంది బ్రీడా టాలన్ తృప్తిగా. "జనవరిలో వచ్చెయ్."

కృపాదానం గారు తిరిగొచ్చి, స్టేషను ఈ వాలు దిగితే ఉందట అన్నారు, పెద్ద కబురు మోసుకొచ్చినట్టు. ఇద్దరూ ఆవిడకి చెయ్యి ఊపి బయల్దేరారు. మలుపు తిరిగాక లోహిత ఆగిపోయింది.

"రూం దొరికింది సర్. ఆమె ఇంట్లనే."

"ఆహా" అన్నారాయన, అసలేమీ ఎరగనట్టు. "ఏమైనా అడిగిందా?"

"మీ గురించే అడిగింది సర్. ఇంట్ల మీకు ఎవ్వరు లేరని చెప్పిన."

ఆయన మాస్కు సర్దుకున్నారు.

"మంచిపని చేశావు" అన్నారు. "సత్యవాణికి మాత్రం చెప్పకమ్మా."