పాపాయమ్మ రాసిన కొలతలు

తణుకులో మా వీధి ఆడవాళ్లందరి ఒళ్లూ తెలిసిన మనిషి పాపాయమ్మ. ఎవరి ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుందో, పోయిన దసరాకీ ఈ దసరాకీ మధ్య ఎవరి నడుము మూడంగుళాలు పెరిగిందో ఆమెకి తెలుసు. తెలిసి ఊరుకునే రకం కాదు. జాకెట్టు తను బిగుతుగా కుట్టిందా, తొడుక్కున్నావిడే లావయిందా అని పదిమందిలో అడిగేసేది. బాలికల హైస్కూల్లో సైన్సు టీచర్ని, పిల్లలందరూ హడలిపోయే దాన్ని, నేను కూడా ఆమె ముందు చేతులు చాచి నోరు మూసుకుని నిలబడేదాన్ని. అలాంటి మనిషి ఒక్క ఇల్లాలి దగ్గర మూడేళ్లు అబద్ధమాడింది. ఆమెని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. ఆమె మీద నాకు అప్పుడు ఒళ్లు మండింది, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

పాపాయమ్మ భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్నవయసులోనే పోయాడు. పిల్లల్లేరు. అన్నగారి దగ్గర నేర్చుకున్న కుట్టుపనితో, ఒక పాత మిషనుతో, వీధివైపు గదిలో దుకాణం పెట్టింది. వెనక వాటాలో నేను అద్దెకుండేదాన్ని. మామూలుగా వచ్చేవాళ్ల కొలతలు ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. పిల్లల చొక్కాలకి మాత్రం పాత వార్తాపత్రిక మీద కటింగు కత్తిరించి, పేరు రాసి, గోడకున్న మేకుకి గుచ్చేది. పిల్లల కటింగు ఏటా కొత్తది చెయ్యాల్సిందే, పెరుగుతారు కాబట్టి.

లోవలక్ష్మి ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు కూతుర్ని తీసుకుని వచ్చేది. భర్త పెద్దిరాజు రైతు, తణుకుని ఆనుకుని ఉన్న పల్లెలో సొంత పొలం. ఒక్కతే పిల్ల, పేరు దుర్గాశ్రీ. తొంభై రెండులో, పిల్లకి ఆరేళ్లప్పుడు, మెడ మీద రేగిపండంత గడ్డ లేచింది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే క్యాన్సరన్నారు. నెలల తరబడి ఇంజెక్షన్లు చేశారు, ఆ తర్వాత మెడకి కరెంటు పెట్టారు, రేడియేషన్ని అలాగే అనేవారు. ఆ ఏడాది పిల్ల మెడ చర్మం కమిలిపోయి ఏ గుడ్డా తగలనిచ్చేది కాదు. పాపాయమ్మ మెత్తని మల్లు గుడ్డతో కాలరు లేకుండా, భుజాల మీద ముడి వేసుకునే గౌన్లు కుట్టి పంపింది. అలా ఆ ఇంటి సంగతి ఊళ్లో తెలిసిన బయటి మనిషి ఆమె ఒక్కతే.

పిల్ల బతికింది. అది చిన్న విషయం కాదు, ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు చెబితే జనం ముందే ఏడ్చేసేవారు. ఏడాదికోసారి తీసుకురమ్మని చెప్పి, చెయ్యాల్సిన పరీక్షలన్నీ ఇంగ్లీషులో రాసి ఆసుపత్రి వాళ్లు ఒక ఫైలు ఇచ్చారు. రెండుసార్లు వెళ్లారు. జబ్బు లేదన్నారు. మూడో ఏడు లోవలక్ష్మి అత్తగారు అడ్డుపడింది. తగ్గిపోయిన దాన్ని పిలిచి కూర్చోబెట్టడం ఎందుకంది. కొవ్వూరు వెళ్లి, ఫైలుకి పసుపూ కుంకుమా పెట్టి గోదావరిలో కలిపేశారు. ఆ జబ్బు పేరు మళ్లీ ఇంట్లో వినపడకూడదని అందరూ మాట అనుకుని స్నానాలు చేసి వచ్చారు. నేనక్కడ ఉంటే ఫైలు వెనకాల నేనూ దూకేదాన్నని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడైతే నేనూ ఒక దణ్ణం పెట్టి ఉండేదాన్నేమో.

ఆ ఇంట్లో పిల్లని గోడకి నిలబెట్టి ఎత్తు చూడటం నిషేధం. దిష్టి తగులుతుందని ముసలావిడ భయం. బట్టల కోసం తీసే కొలత మాత్రం పనికోసం తీసేది కాబట్టి ఫరవాలేదట. అందుకే లోవలక్ష్మికి ఏడాదంతా జూన్ మీదే ధ్యాస. పాపాయమ్మ టేపు వేస్తుంటే పక్కన నిలబడి ఊపిరి బిగబట్టేది. అంకె పైకి చెప్పకూడదు. పుస్తకంలో రాసి చూపిస్తే, పాత అంకె, కొత్త అంకె చూసుకుని, అప్పుడు ఊపిరి వదిలేది. పిల్ల పెరుగుతోందంటే జబ్బు తిరిగి రాలేదని ఆమె లెక్క.

తొంభై ఆరు జూన్‌లో స్కర్టు పొడవుకి వేసిన టేపు అంతకుముందు ఏడాది చూపించిన ఇరవై రెండు అంగుళాల దగ్గరే ఆగింది. పాపాయమ్మ రెండోసారి వేసింది. మళ్లీ అంతే. తలెత్తి లోవలక్ష్మి మొహం చూసింది. చూసి, పుస్తకంలో ఇరవై మూడు అని రాసింది. స్కర్టు ఇరవై రెండుకే కుట్టింది. మరుసటి ఏడు ఇరవై నాలుగని రాసింది, టేపు మాత్రం పావు అంగుళం జరిగింది. ఆ పై ఏడు ఇరవై అయిదు. పాత బట్టలు ఏ ఏటికాయేడు చుట్టాల పిల్లలకి పోయేవి, పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. పైగా పిల్ల ఒళ్లు చేసింది. ఆసుపత్రిలో పుల్లలా ఉన్న పిల్ల బుగ్గలు ఉబ్బి, చేతులు గుండ్రంగా తయారైతే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

ఏడో తరగతిలో దుర్గాశ్రీ నా క్లాసుకే వచ్చింది. పాఠం చెబుతుంటే కళ్లు మూతలు పడేవి. ఒక ప్రశ్న అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది, వచ్చినా గొంతు బొంగురుగా ఉండేది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన ఉక్కపోత రోజుల్లో, మిగతా పిల్లలంతా ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకుంటుంటే, చలేస్తోంది టీచర్, అటు కూర్చుంటానండి అని గోడవారకి జరిగింది. నేను ఊటీ నుంచి వచ్చావా అని ఎగతాళి చేశాను. క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది. ప్రోగ్రెస్ కార్డులో నా చేత్తోనే 'బద్ధకం ఎక్కువ, శ్రద్ధ లేదు' అని రాశాను. గ్రంథుల పాఠం చెప్పేది నేనే. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉంటుందని బోర్డు మీద బొమ్మ వేసిందీ నేనే.

ఆ ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం నా జాకెట్టు కోసం దుకాణంలో కూర్చున్నాను. లోవలక్ష్మి గుమ్మంలోనే నిలబడి, సంతోషంగా ఒక కబురు చెప్పి వెళ్లింది. పిల్లకి మలబద్ధకం, నీరసం ఉంటే ఊళ్లో డాక్టరుకి చూపించారట. వయసుకి తగ్గ ఎత్తు లేదే అని ఆయన అనుమానపడ్డాడట. ఏటా అంగుళం చొప్పున స్కర్టు పొడవు పెరుగుతోందండి అని ఈవిడ చెబితే, తల్లి కూడా పొట్టే కాబట్టి ఫరవాలేదని రక్తం పట్టే టానిక్ రాసిచ్చాడట.

పాపాయమ్మ కాలు మిషను మీద ఆగిపోయింది. తర్వాత లేచి మేకుకున్న కటింగులు దించి, దుర్గాశ్రీ పేరున్నవి మూడు ఏరి, నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచింది. తొంభై ఆరు పేపరు, తొంభై ఏడు పేపరు, తొంభై ఎనిమిది పేపరు. పైన తేదీలు కూడా అచ్చులో ఉన్నాయి. పక్కలకి వెడల్పు పెరుగుతూ వచ్చింది. పొడవు మాత్రం మూడింటికీ ఇంచుమించు ఒకటే. అప్పుడు నాకు మొత్తం చెప్పింది. జబ్బు సంగతి, కరెంటు సంగతి, ఫైలు సంగతి, తను రాసిన అంకెల సంగతి.

నాకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ఊరందరికీ మొహం మీద నిజం చెప్పేదానివి, చెప్పాల్సిన ఒక్కచోట నోరు పడిపోయిందా అన్నాను. ఆమె తిరిగి అరవలేదు.

"ఆ తల్లి మొహం చూస్తే చెప్పలేకపోయానండి. వచ్చే ఏడు పెరుగుతుందిలే, అప్పుడు లెక్క సరిపోతుందిలే అనుకున్నాను."

నువ్వు చెప్పకపోతే నేనే వెళ్లి చెబుతానన్నాను. తనే చెబుతానంది. మర్నాడు పొద్దున్నే కటింగులు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుని బయలుదేరింది. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను, దారిలో మనసు మార్చుకుంటుందేమోనని.

వాళ్ల వసారాలో కాగితాలు పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లోవలక్ష్మి కేకలు వెయ్యలేదు. కాగితాల అంచులు వేళ్లతో తడిమి తడిమి చూసి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"అయితే మళ్లీ వచ్చేసిందాండి?"

పెద్దిరాజు చొక్కా వేసుకుని కారు మాట్లాడటానికి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా అందరం రాజమండ్రిలో పిల్లల డాక్టరమ్మ ముందున్నాం.

ఆవిడ పిల్ల చర్మం, జుట్టు, నాలుక చూసింది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. కటింగులు చూసి తేదీలు కాగితం మీద రాసుకుంది. ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా చేసిందా అని అడిగింది. ముసలావిడకి ఇచ్చిన మాట ఆ గదిలోకి కూడా వచ్చి కూర్చుంది. పాపాయమ్మ నోరు తెరవబోయింది గానీ, లోవలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి తనే చెప్పింది.

"ఆరో ఏట క్యాన్సరొచ్చిందండి. మెడకి కరెంటు పెట్టారండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఆసుపత్రి కాగితాలేవి అంది. పెద్దిరాజు నేల చూపులు చూస్తూ గోదాట్లో కలిపేశామండి అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది, మింగేసింది. జబ్బుని చంపిన ఆ కరెంటే మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథికీ తగులుతుందని, కొందరు పిల్లల్లో రెండు మూడేళ్లకి అది పనిచెయ్యడం మానేస్తుందని, ఎదుగుదలా చురుకూ అన్నీ దానితోనే ఆగిపోతాయని నెమ్మదిగా చెప్పింది. అందుకే ఏటా రక్తపరీక్ష చేయించమని ఆ ఫైల్లో తప్పకుండా రాసి ఉంటారంది. రక్తం తీసి బయటి ల్యాబుకి పంపారు, గడ్డలు మళ్లీ లేచాయేమోనని మెడ దగ్గరా ఛాతీలోనూ వెతికారు. వారం తర్వాత తెలిసింది. క్యాన్సరు రాలేదు. థైరాయిడ్ మాత్రం పూర్తిగా చచ్చుబడింది. రోజూ పరగడుపున ఒక మాత్ర, బతికినంత కాలం.

లోవలక్ష్మి అక్కడే గోడకి చేరగిలబడి ఏడ్చింది. అది సంతోషమే. పాపాయమ్మ మాత్రం డాక్టరమ్మ ముందు నుంచి కదల్లేదు. రెండేళ్ల కిందటే ఈ కాగితాలు తెచ్చి ఉంటే ఏమయ్యేదండి అని అడిగింది. డాక్టరమ్మ ఆమెని ఒకసారి పరకాయించి చూసి, ఇంకో మూడు, నాలుగు అంగుళాలు పెరిగి ఉండేదేమో, ఖాయంగా చెప్పలేనంది.

మాత్రలు మొదలైన మూడు నెలలకి దుర్గాశ్రీ క్లాసులో చెయ్యెత్తింది. సంక్రాంతి సెలవుల తర్వాత, ఎండలు మొదలయ్యాక, ఫ్యాను కింద చోటు కోసం మరో పిల్లతో పోట్లాడింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కార్డులో రాసిన మాట కొట్టేశాను, కానీ కొట్టేసిన గీత కింద అది చదవడానికి వస్తూనే ఉంది. మరుసటి ఏడాదిలో మూడంగుళాలు సాగింది. ఆ తర్వాత పెద్దమనిషి అయింది, ఎదుగుదల మందగించింది. నాలుగడుగుల ఏడంగుళాల దగ్గర ఆగిపోయింది.

లోవలక్ష్మి పాపాయమ్మని ఒక్క పరుషమైన మాట అనలేదు. ఏటా అదే దుకాణానికి, అదే జూన్‌లో వచ్చేది. తిట్టి వేరే టైలరు దగ్గరికి పోయినా బావుండేదండి అని పాపాయమ్మ నాతో చాలాసార్లు అంది. పిల్లల కొలతలు ఆమె పైకి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. కొందరు తల్లులు నొచ్చుకుని రావడం మానేశారు.

రెండు వేల నాలుగులో దుర్గాశ్రీ భీమవరంలో ఇంజినీరింగులో చేరింది. చుడీదార్లు కుట్టించుకోవడానికి ఒక్కతే వచ్చింది, అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. టేపు వేస్తూ వేస్తూ పాపాయమ్మ ఉన్నట్టుండి ఆగి, నీ ఎత్తు నేనే తినేశానమ్మా అంది. ఆరేళ్లుగా లోపల పెట్టుకున్న మాట అది. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది.

"పెరగట్లేదని నాకు తెలుసు అత్తయ్యా. ప్రేయర్లో ఎత్తు ప్రకారం నిలబెట్టేవారు కదా. ఆరో తరగతి మొదట్లో వరసలో ఏడో దాన్ని. ఒక్కొక్కళ్లే నా వెనక్కి వెళ్లిపోయారు, ఏడో తరగతికి నేనే ముందు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు."

పాపాయమ్మ నా వైపు చూడలేదు. ఆ రెండేళ్లూ ప్రతి ఉదయం ప్రేయర్ చేయిస్తూ ఆ వరస ముందు నిలబడింది నేనే.