ఈశాన్యం మూల పాటల పెట్టె

కోటబొమ్మాళి చుట్టుపక్కల మైకుసెట్టు ఎర్రన్నను పిలవకుండా జరిగిన పెళ్ళిళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళుగా అదే పని. మనిషి మంచివాడే, చేతిలో పనితనం ఉంది. ఒక్కటే జబ్బు. పక్కవాడి స్పీకరు తన స్పీకరు కన్నా గట్టిగా మోగిందంటే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. వేరే మైకుసెట్టు వాళ్ళు కట్టిన పెళ్ళికి చుట్టంగా వెళ్ళినా సరే, ముందు బాక్సుల వెనక్కి వెళ్ళి ఎన్ని వాట్లో చదివి, ఆ తరవాతే అక్షింతలు పట్టుకుంటాడు.

"ఆళ్ళు పెళ్ళి సేసుకుంటన్నారు గానీ నీ బాక్సులు ఎత్తుకెల్లిపోనేదు గదా," అంటుంది ఆయన భార్య ఈశ్వరి. అన్నా ఏం లాభం? కుళ్ళు మందులకి తగ్గేది కాదు కదా.

అలాంటి ఎర్రన్న నాలుగేళ్ళ కిందట ఒక పాటల పెట్టె చేశాడు. చిన్నప్పుడు శ్రీకాకుళంలో ఒక హోటల్లో చూశాడట, బిళ్ళ వేసి మీట నొక్కితే రికార్డు దానంతట అదే తిరిగే పెట్టె. అది మనసులో ఉండిపోయింది. పాత బట్టల బీరువా ఒకటి తీసుకుని తలుపు కోసి, అందులో టీవీ తెర బిగించి, కింద పాత కంప్యూటరు పెట్టి, పైన తన పెళ్ళిళ్ళ స్పీకర్లు రెండు కట్టాడు. ఇలాంటి పెట్టెల కోసం సరదాగా తయారుచేసిన సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుందని ఎవరో చెబితే అది ఎక్కించాడు. ఎక్కించినంత మాత్రాన పాడుతుందా? ఒకరోజు తెర నల్లగా అయిపోయేది. ఒకరోజు పాట ఒకటి, బొమ్మ ఒకటి వచ్చేది. ఎర్రన్నకి ఇంగ్లీషు రాదు. తెర మీద పడ్డ తప్పుల మాటలన్నీ అక్షరం అక్షరం నోటుబుక్కులోకి దించుకుని, పదో తరగతి చదివిన ఈశ్వరి చేత చదివించి, ఆమె చెప్పిన అర్థం సగం, తన బుర్ర సగం కలిపి బాగుచేసుకునేవాడు. ఇప్పటికి మూడు బుక్కులు నిండాయి.

ఆ పెట్టెకి మొదటి భక్తురాలు అత్తగారు నారాయణమ్మ. ఆవిడ మొగుడు లక్ష్ముడు తప్పెటగుళ్ళ గురువు. ఛాతీ మీద రేకు తప్పెట కట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టి గెంతుతూ పాడితే పది ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన గొంతు ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది. ఎర్రన్నకి ఇంకా పెళ్ళికాని రోజుల్లో, ఒక జాతరలో మైకు కడుతూ టేపురికార్డరు తగిలించి రెండు పక్కలా పట్టిన క్యాసెట్టు అది. మొదటి పక్కన పాటలు. రెండో పక్కన పాటల మధ్యలో ఒకచోట లక్ష్ముడు, మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచి, "ఓలె నారాయణా! నోరెండిపోతన్నాది, మజ్జిగ తేయే!" అని కేకేస్తాడు. జనం నవ్వుతారు. పెట్టె చేశాక ఎర్రన్న ఆ క్యాసెట్టుని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు; అది ఆయన జేబు వదలదు.

నారాయణమ్మ ఏటా నూర్పులయ్యాక కోటబొమ్మాళి వచ్చి ఇరవై రోజులుండేది. పెట్టె ముందు పీట వేసుకుని రోజుకొకసారి ఆ మజ్జిగ కేక వినేది. వాకిట్లో ఎవరు పోతున్నా, "మా అల్లుడు సేసినాడు," అనేది. ఎర్రన్నకి ఆ ఒక్క మాటతో ఏడాదికి సరిపడా కడుపు నిండేది.

ఇక ధర్మేంద్ర సంగతి. ఎర్రన్నకి తోడల్లుడు. ఈశ్వరి చెల్లెలు అనితని చేసుకున్నాడు. రాజాంలో ధాన్యం కమీషను కొట్టు, కొత్తగా మేడ. ఆ మేడ గృహప్రవేశానికి మొన్న మాఘమాసంలో వెళ్ళిన ఎర్రన్న హాల్లో అడుగుపెట్టి అలా నిలబడిపోయాడు.

పెట్టె! తన పెట్టె లాంటిదే, కాదు, తన పెట్టెకి పెద్దన్న. మనిషెత్తు, టేకు చెక్క, అంచుల చుట్టూ రంగులు మారే దీపాలు. ఒక సగంలో పన్నెండు వేల పాటలు. రెండో సగంలో ఆటలు. బొమ్మల్ని గెంతించే జాయ్‌స్టిక్కు పుల్లలు రెండు, పన్నెండు మీటలు, చుట్టూ చేరి గోలగోలగా ఆడుతున్న చుట్టాలు. ఫోనులో వీడియోలు చూసి తనే చేశాడట ధర్మేంద్ర.

"ఎలగున్నాది అన్నియ్యా?"

"బాగున్నాది," అన్నాడు ఎర్రన్న. పెట్టె వెనక్కి వెళ్ళి వాట్లు చదివాడు. తనదానికి రెట్టింపు. ఇటు తిరిగేసరికి దాని ముందు మెత్తటి కుర్చీలో నారాయణమ్మ! పీట కాదు, కుర్చీ.

"మా సిన్నల్లుడు సేసినాడు," అంటోంది ఎవరితోనో.

ఎర్రన్నకి గుండెలో ఎవరో పచ్చిమిరపకాయ నూరినట్టయింది. ఇంతలో అనిత పరమాన్నం గిన్నెతో ఎదురొచ్చింది. నోరు ఊరుకుందా?

"ఏటే అనితా, ఇల్లంతా వాస్తు సూసి కట్టేరు. మరి ఈశాన్యం మూల ఇంత బరువు పెట్టీసినారేటి? ఆ మూల తేలిగ్గా ఉండాల గదా. ఏటో, నాకు తెలిసింది సెప్పేను. ఆపైన మీ ఇష్టం."

అనిత చేతిలో గరిటె ఆగిపోయింది. ఎర్రన్నకి ఆ పరమాన్నం అప్పుడు తియ్యగా తగిలింది.

ఆ ఏడాది నూర్పులైనా నారాయణమ్మ కోటబొమ్మాళి రాలేదు. రాజాంలోనే ఉండిపోయింది. ఎర్రన్న పీటని గోడకి నిలబెట్టాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నిలబెట్టాడు. "మీ అమ్మకి పన్నెండు వేల పాటలు కావలసొచ్చినాయి," అన్నాడు ఈశ్వరితో.

"నీకు మా అమ్మ కావాల్నా, ఆ అమ్మ నీ పెట్టిని పొగడాల్నా?" అంది ఈశ్వరి.

రెండు నెలల తరవాత ఒక శుక్రవారం అనిత ఫోను చేసింది.

"బావా, పెట్టికి పిచ్చెక్కిపోనాది! ఎడం పుల్ల తిప్పితే కుడి బొమ్మ గెంతతన్నాది. పాటొక్కటీ పలకదు. ఆయన రెండురోజులై తల బద్దలుగొట్టుకుంటన్నాడు. ఆదోరం సుట్టాలొస్తారు. నువ్వు రావాల."

ఎర్రన్న ముఖం చూడాలి మీరు. "పనులున్నాయమ్మా... సరే, సూస్తాను," అన్నాడు బరువుగా. ఫోను పెట్టగానే ఇస్త్రీ చొక్కా దింపాడు. సంచిలో స్క్రూడ్రైవర్లు, నోటుబుక్కులు, ఎప్పుడూ వెంట ఉండే రంగుగుడ్డ పేలికలు వేసుకున్నాడు. అవి ఆయన పద్ధతి. పందిట్లో యాభై వైర్లుంటాయి, ఏది ఎక్కడిదో తెలియాలంటే కొసకి పేలిక కట్టాల్సిందే. ఎరుపు మైకుకి, పసుపు బాక్సుకి, ఆకుపచ్చ కరెంటుకి. తన వస్తువు ఏదైనా సరే, పేలిక లేకుండా ఉండదు.

శ్రీకాకుళంలో బస్సు మారి, మధ్యాహ్నానికి రాజాం చేరాడు. హాల్లోకి వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల ఖాళీ. పెట్టె నైరుతి మూలలో ఉంది.

"దీన్ని ఎవులు కదిపేరు?" అన్నాడు.

"నువ్వే గదా బావా, ఈశాన్యంలో బరువుండకూడదన్నావు!" అంది అనిత. "ఆ దినం నుంచీ నాకు నిద్దర నేదు. మొన్న ఈయన ఊరెల్లినప్పుడు కొట్టులో బస్తాలు మోసే కళాసీల్ని పిలిసి మోయించీసేను."

"వైర్లో?"

"పీకీసినారు. ఇక్కడికి తెచ్చినాక ఏ కన్నంలో పడితే ఆ కన్నంలో దూర్చీసినారు. అన్ని కన్నాలూ ఒక్కలాగే ఉన్నాయి గదా."

ఎర్రన్న చప్పున సంచిలో చెయ్యి పెట్టి స్క్రూడ్రైవరు వెతకసాగాడు. పక్కనే ధర్మేంద్ర, రెండు రోజుల గడ్డంతో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలో నారాయణమ్మ తమలపాకుకి సున్నం రాస్తోంది.

పెట్టె వెనక కూర్చుని చూశాడు. జబ్బు పది నిమిషాల్లో దొరికిపోయింది. ఆటల సాఫ్ట్‌వేరు పుల్లని ముఖం చూసి గుర్తుపట్టదు, ఏ కన్నంలోంచి వచ్చిందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. కన్నాలు మారాయి కాబట్టి ఎడమది కుడిదైంది. ఇక పాటలు. పాటల డిస్కుకి కంప్యూటరు ఒక అక్షరం ఇస్తుంది. పాటల సాఫ్ట్‌వేరు ఆ అక్షరం దగ్గరికే వెళ్ళి వెతుకుతుంది. కళాసీలు గృహప్రవేశం వీడియో ఉన్న పెన్‌డ్రైవు కూడా వెనకాల గుచ్చేశారు. భోజనాల బంతిలో మన ఆకు ముందు ఇంకొకడు కూర్చున్నట్టు అది డిస్కు అక్షరంలో కూర్చుంది. డిస్కు పక్క ఆకుకి జరిగింది. వడ్డించేవాడు పాత ఆకు దగ్గరికే వచ్చి, పాటల్లేవని వెనక్కి పోతున్నాడు.

పుల్లల వైర్లు అటుదిటు మార్చి, నీలం పేలిక ఒకదానికి, పసుపు పేలిక ఒకదానికి కట్టాడు. పెన్‌డ్రైవు పీకేసి మళ్ళీ ఆన్ చేశాడు. పెట్టె దీపాలు వెలిగి, పాట గొంతెత్తింది.

"అమ్మయ్య!" అంది అనిత.

అసలు పని ఇంకొకటి మిగిలింది. డిస్కుకి ఆ అక్షరం శాశ్వతంగా రాసిపెట్టాలి. లేకపోతే ఎవరైనా ఇంకో పెన్‌డ్రైవు గుచ్చి ఆన్ చేసిన రోజున మళ్ళీ ఇదే రోగం. ఆ సంగతి ఎర్రన్నకి బాగా తెలుసు. 'తిరగబెట్టనీ. మళ్ళీ ఫోను చేస్తారు. మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను,' అనుకుని స్క్రూడ్రైవరు సంచిలో పడేశాడు.

అప్పుడు నారాయణమ్మ నోరు తెరిచింది.

"అల్లుడు బాబూ, మీ మావ పాట ఒకపాలి ఎయ్యి."

వీళ్ళ దగ్గర లేనిది అదొక్కటే. ఈ టేకు పెట్టెలోకి అది కూడా వెళ్ళిపోతే, ఈ మెత్తటి కుర్చీ వదిలి ఆవిడ తన పీట మీదికి ఎందుకొస్తుంది?

"నాను తేనేదు అత్తా."

"తేనేదా? మరి నీ జేబులోంచి ఏలాడతన్నాదేటి ఎర్ర గుడ్డ?"

అనిత కిసుక్కున నవ్వింది. ఎర్రన్న వంచిన తల ఎత్తకుండా జేబులోంచి ఎర్ర పేలిక పట్టి లాగాడు. కొసన పెన్‌డ్రైవు. గుచ్చి, మొదటి పక్క వేశాడు.

తప్పెట మోగింది. గజ్జెలు. ఆ వెనక లక్ష్ముడి గొంతు, కొంచెం జీరతో. అంత పెద్ద స్పీకర్లలో ఆ గొంతు హాలంతా నిండిపోయింది. తన బీరువాలో ఎన్నడూ ఇంత బాగా మోగలేదు. అది కూడా కాల్చింది ఎర్రన్నని.

ధర్మేంద్ర నేల చూస్తూ విన్నాడు. పాట అయ్యాక మెల్లగా అన్నాడు: "అన్నియ్యా, ఈ పెట్టి ఎందుకు సేసేనో తెలుసా?"

"డబ్బు ఎక్కువై."

"కాదు. ఏటేటా అత్త మా ఇంట్లో రెండ్రోజులుండి, పెద్దల్లుడి కాడ పాట ఇనాల అని ఎల్లిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే నీ దానికన్నా పెద్దది సేసేను. అత్త ఒచ్చింది, కూకున్నాది. కానీ రోజూ పొద్దున్నే అడిగేది ఆ ఒక్క పాటే. పన్నెండు వేల పాటలు పెట్టినా అదొక్కటి నేదు. నువ్వు ఇయ్యవని తెలిసి అడగనేదు."

ఎర్రన్న నోరు తెరుచుకుని వింటున్నాడు. వీడికి! ఈ మేడవాడికి, ఈ టేకు చెక్కవాడికి, తన బట్టల బీరువాని చూసి కుళ్ళు! ఆయన జీవితంలో ఇంత తియ్యటి మాట ఎవరూ అనలేదు. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. "ఒళ్ళు మండిందా?" అన్నాడు.

"మరి మండదేటి!"

"బాగా?"

"ఉండు బావా, సిగ్గునేదా!" అంది అనిత.

ఎర్రన్న మళ్ళీ నేలమీద చతికిలబడ్డాడు. డిస్కుకి అక్షరం శాశ్వతంగా రాశాడు. ఇంకో పెన్‌డ్రైవు గుచ్చి, ఆపి, ఆన్ చేసి, రెండుసార్లు పరీక్ష చేశాడు. పాటలు కదల్లేదు. "ఇంక సచ్చినా సెడదు," అన్నాడు. లక్ష్ముడి పాటలున్న మొదటి పక్కని డిస్కులోకి కాపీ చేశాడు. ఎర్ర పేలిక పట్టి పెన్‌డ్రైవు లాగి జేబులో పెట్టుకున్నాడు.

"రెండో పక్కో?" అన్నాడు ధర్మేంద్ర.

"అది మా ఇంట్లోనే ఇనాల," అన్నాడు ఎర్రన్న. మారాడనుకున్నారా? అంత త్వరగా ఎవరు మారతారు!

ధర్మేంద్ర నవ్వేశాడు. ఈలోగా నారాయణమ్మ లోపలికెళ్ళి, చీరల సంచి చంకన పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "పద బాబూ, బస్సెల్లిపోద్ది."

శ్రీకాకుళంలో మారిన రెండో బస్సులో కిటికీ పక్క సీటు దొరికాక ఆవిడ కాసేపు బయట పొలాలు చూసింది. తరవాత అంది: "బాబూ, ఈశాన్యంలో బరువుండకూడదని నీకెవులు సెప్పేరు?"

"ఎవులో సిద్ధాంతి అంటే ఇన్నాను."

"అలగా? మరి మీ ఇంట్లో నీ పెట్టి ఏ మూలున్నాది?"

ఎర్రన్న మనసులోనే తన ఇంట్లోకి నడిచాడు. వీధి తలుపు, కుడిపక్క కిటికీ, దాని పక్కన బీరువా. పొద్దున ఎండ సరిగ్గా ఆ మూలలోనే పడుతుంది. ఈశాన్యం. నాలుగేళ్ళుగా ఈశాన్యమే.

"నీకు తెలుసేటి అత్తా? మరి కళాసీలు మోస్తన్నప్పుడు సెప్పనేదేటి?"

"ఎందుకు సెప్తాను? నీ మైకుసెట్టు ఎన్నేళ్ళు సూసేను! బండి ఎక్కించి దింపితే ఏదోటి సెడిపోవాల్సిందే. సెడితే నిన్ను పిలస్తారు. పిలిస్తే నువ్వు జేబులో ఆ గుడ్డముక్కతో ఒస్తావు." ఆవిడ ఆకు బుగ్గన పెట్టుకుంది. "రమ్మని పిలిస్తే రావు గదా నువ్వు. ఆడి బాక్సులు పెద్దవని."

ఎర్రన్న నర్సన్నపేట దాటేదాకా జేబులో పేలికని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తరవాత ఫోను తీసి ఈశ్వరికి చెప్పాడు, ఇల్లు తుడిచి ఆ మూలన పీట వెయ్యమని.

"పీట ఎందుకు?" అంది పక్కనుంచి నారాయణమ్మ. "ఆళ్ళింట్లో మెత్తటి కుర్సీ ఉన్నాది."

ఎర్రన్న ముఖం మళ్ళీ మాడిపోయింది.